హోసూరులో నేను రాసుకున్న ధరలు

1976 జూలై 30, శుక్రవారం మధ్యాహ్నం మా ఆయనకు హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు ఒకటిన పనిలో చేరాలి. మొదటి ఆరు నెలలు శిక్షణ, నెలకు 220 రూపాయలు. పని నచ్చితే ఆ తర్వాత పర్మనెంటు, 325 రూపాయలు. నచ్చకపోతే ఏమవుతుందో ఉత్తరంలో లేదు. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ లేని మాట కోసమే వెతికాను.

అప్పుడు మేము కృష్ణగిరి పాతపేటలో ఒక ఇంటి వెనక భాగంలో ఉండేవాళ్లం. మా ఆయన బావుల మోటార్లు బాగుచేసే వర్క్‌షాపులో పని చేసేవాడు. జీతం 210. పాపకు మూడేళ్లు. వర్క్‌షాపు యజమాని చెడ్డవాడు కాదు, కానీ మాట కచ్చితం. ఉత్తరం సంగతి విని, "పద్నాలుగో తేదీ శనివారం సాయంత్రం లోపల చెప్పప్పా. పోతానంటే వేరే ఆయన కాచుకొని ఉండాడు. పోయినాక మళ్లీ ఈ వాకిలికి రావద్దు" అన్నాడట.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన నాతో అన్నాడు.

"లెక్కలు నాకు రావు. నువ్వు ఎనిమిది చదివినావు. కూర్చొని వెయ్యి. పోదామంటే పోతాము, వద్దంటే ఈడనే ఉంటాము."

నా మీద నమ్మకంతోనే ఆ మాట అన్నాడు. నాకు మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నా భయానికి కారణం ఉంది. 1974లో కరెంటు కోతల వల్ల వర్క్‌షాపు నలభై రోజులు మూతపడింది. అప్పుడు పాపకు పది నెలలు. ముప్పై ఒకటో రోజున పాలు మాన్పించాను. రాగి గంజి రోజురోజుకూ పలచనైంది. చివరి వారంలో గిన్నె అడుగు పైకి కనిపించేది. పాప ఏడ్వలేదు, ఏడవడం మానేసింది. అందుకే ఆ నలభై రోజులను నేను తేదీలతో సహా గుర్తు పెట్టుకున్నాను. మా ఆయన అంత లెక్క పెట్టుకోలేదు. హోసూరు అనగానే ఆయనకు 325 కనిపించేది. నాకు ఆ గిన్నె అడుగు కనిపించేది.

ఒక పొడుగాటి పుస్తకంలో మధ్యన గీత గీసి, ఎడమ పక్క కృష్ణగిరి, కుడి పక్క హోసూరు అని రాశాను. ఎడమ పక్క నింపడం సులభం. బాడుగ 25. రాగులు, బియ్యం 62. పప్పు, చింతపండు, మిరపకాయలు, ఉప్పు 28. నూనె 13. రోజుకు అర లీటరు పాలు, 22 రూపాయల 50 పైసలు. కట్టెలు 12, కిరసనాయిలు 4, బెల్లం, కాఫీపొడి 9, సబ్బు, మందూమాకూ, ఇంకా ఇలాంటివి 10. మొత్తం 185 రూపాయల 50 పైసలు. జీతంలో 24 రూపాయల 50 పైసలు మిగలాలి. కొన్ని నెలలు మిగిలేవి, కొన్ని నెలలు మిగిలేవి కావు. ట్రంకు పెట్టెలో దాచిన డబ్బు 112.

కుడి పక్క ఖాళీ. ఊహించి నింపడం నాకు చేతకాదు.

ఆగస్టు 4, బుధవారం పాపను ఎత్తుకొని పొద్దున బస్సుకు హోసూరు పోయాను. చార్జీ ఒక రూపాయి ఎనభై పైసలు; ఆ రోజు ఖర్చు నెల జీతంలోనే సరిపెట్టాను, పెట్టె తెరవలేదు. తెలియని ఊరికి పోతున్నానని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను. అది తెల్ల నేత చీర. పుస్తకం పెట్టుకోవడానికి మా ఇంటి యజమానురాలి దగ్గర నల్ల తోలు సంచి అడిగి తీసుకున్నాను. నాకు దూరం చూపు ఆనదు, కళ్లద్దాలు అప్పటికే ఉన్నాయి. పట్నం వాళ్లు కదా అని అందరితో అరవంలో మాట్లాడాను. ఈ నాలుగూ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొదట హోసూరు పక్కనున్న మత్తిగిరిలో ఇల్లు చూశాను. మా ఆయనకు తెలిసిన వారు చెప్పిన ఇల్లు. పశువుల ఫారంలో పని చేసే ఒకాయనది. ఆయన భార్య చూపించింది. ఒక గది, వంటకు చిన్న వసారా, నీళ్ల తొట్టి. బాడుగ 40.

"అడ్వాన్సు పది నెలలదమ్మా" అంది ఆమె.

కృష్ణగిరిలో మేము ఇచ్చింది రెండు నెలలది, అదీ 1974లో బాడుగ కిందే సరిపోయింది. "పదా?" అన్నాను.

"బెంగుళూరు పక్కనే కదా, ఆడ ఎట్లనో ఈడా అట్లనే. పోయేటప్పుడు పైసా పోకుండా ఇస్తాము. ఫ్యాక్టరీ వాళ్లు ముగ్గురు చూసుకొని పోయినారు. నీకు పాప ఉండాది కాబట్టి నీ కోసం చూస్తా ఉండాను."

పాల ధర కూడా ఆమెనే అడిగి రాసుకున్నాను. తర్వాత హోసూరు బజారు వీధికి వచ్చాను. అయిదు అంగళ్లు, ఒక కట్టెల డిపో. ప్రతి అంగడిలోనూ ఒకే వరుసలో అడిగాను. రాగులు కిలో ఎంత, బియ్యం ఎంత, కందిపప్పు ఎంత, వేరుశనగ నూనె ఎంత. ఈ రోజు ధర ఒక్కటే చాలదు కదా, అందుకని పోయిన వారం ఎంత, పోయిన నెల ఎంత అని కూడా అడిగాను. అప్పట్లో ప్రతి అంగడి ముందూ ధరల బోర్డు ఉండాలి. వాళ్లు చెప్పింది బోర్డుతో సరిపోయిందా లేదా అని తలెత్తి చూసి మరీ రాసుకున్నాను.

అంత మర్యాద నేను ఎప్పుడూ చూడలేదు. మొదటి అంగడి ఆయన ముక్కాలి పీట తెచ్చి తుండుగుడ్డతో తుడిచి వేశాడు. రెండో చోట పాపకు గోలీసోడా ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. నాలుగో అంగడిలో నేను అడగకముందే రాగుల ధర చెప్పాడు. అన్ని చోట్లా ఒకటే ధర. నూనె కిలో 5 రూపాయల 40 పైసలు. బెల్లం ఒకటింపావు. కృష్ణగిరి కంటే తక్కువ. కట్టెల డిపో ఆయన అయితే నేను పోయేటప్పుడు వీధి దాకా వచ్చి దండం పెట్టాడు.

తిరుగు బస్సులో కూర్చొని లెక్క కూడాను. సరుకులు 148 రూపాయల 50 పైసలు, బాడుగ 40. మొత్తం 188 రూపాయల 50 పైసలు. కృష్ణగిరి కంటే మూడు రూపాయలే ఎక్కువ. శిక్షణ జీతంలోనే 31 రూపాయల 50 పైసలు మిగులుతాయి. మళ్లీ కూడాను. అంతే వచ్చింది. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం సంతోషం రాలేదు. ఫ్యాక్టరీలు లేస్తున్న ఊళ్లో ధరలు ఎందుకు తక్కువ ఉంటాయి అని ఒక ప్రశ్న వచ్చింది. అంకెలు ఉన్నాయి కదా అని ఆ ప్రశ్నను పక్కన పెట్టాను. నా జీవితంలో అంకెలను నమ్మి ప్రశ్నను పక్కన పెట్టింది ఆ ఒక్కసారే.

అడ్వాన్సు 400 కావాలి. నా పేరున తొమ్మిది గొర్రెలు ఉండేవి. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన మూడింటి సంతానం. కల్లావి దగ్గర మా అమ్మ మందలోనే మేసేవి. అడిగేదానికి పోతే అమ్మ కర్ర ఆనించుకొని నిలబడి విన్నది.

"ఊరు మారేదానికి మందను తింటావా?"

"ఆరు చాలమ్మా."

"ఆరు చాలంట. ఆరు గొర్రెలు ఏడాదికి ఎన్ని పిల్లలు పెడతాయో నీ పుస్తకంలో రాసినావా?"

రాయలేదు.

"ఆరు తోలుకొని పో. మిగతా మూడూ నా మనవరాలివి. వాటి మాట నా దగ్గర ఎత్తద్దు."

ఆగస్టు 11న ఆరింటినీ ఒకటి 62 లెక్కన అమ్మాము. 372. పెట్టెలో డబ్బు 28 కలిపితే 400. పెట్టెలో మిగిలింది 84. సామాను తీసుకుపోయే లారీకి 35 అన్నారు. అది పోను 49. కొన్నవాళ్లు గొర్రెలను తమ లారీ ఎక్కిస్తుంటే అవి ఒకదాని వెనక ఒకటి దూరి తల దాచుకున్నాయి. అమ్మ అటు చూడలేదు. నేను చూశాను.

ఆగస్టు 14, శనివారం. సాయంత్రం ఆరుకు వర్క్‌షాపు మూసేలోపల మా ఆయన మాట చెప్పాలి. నేను పొద్దున పోయి అడ్వాన్సు కట్టి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి ఆయనకు చెప్పాలని ఒప్పందం. 400 రూపాయలు గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. బస్సులో ఎవరు తగిలినా చెయ్యి అక్కడికే పోయేది.

మత్తిగిరిలో ఇంటావిడ, "మా ఆయన ఫారం నుంచి పన్నెండుకు వస్తాడమ్మా. ఆయన చేతికే ఇయ్యాల" అంది. ఇంకా గంటన్నర ఉంది. పాప ఆకలంటోంది. ఆమెకు బెల్లం ముక్క కొందామని బజారుకు పోయి, నాకు పీట వేసిన ఆ మొదటి అంగడికే పోయాను. ఆ రోజు నేను కట్టుకున్నది మామూలు రంగు చీర. తోలు సంచి కృష్ణగిరిలో ఇంటి యజమానురాలికి ఇచ్చేశాను. పుస్తకం గుడ్డసంచిలో ఉంది. అంగట్లో ఆయన లేడు, ఆయన భార్య కూర్చొని ఉంది. ఆమెతో తెలుగులోనే మాట్లాడాను.

"పావు కిలో బెల్లం."

ఆమె తూచి కాగితంలో చుట్టి, "నలభై పైసలు" అంది.

"కిలో ఒకటింపావు కదమ్మా. ముప్పై ఒక్క పైసలు."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఒకటింపావుకు యాడ ఇస్తా ఉండారో ఆడికి పోమ్మా. ఒకటి అరవై."

"పది రోజుల కింద ఈ అంగట్లోనే ఒకటింపావు అన్నారు."

"ఆ పొద్దా?" ఆమె నవ్వింది. "ఆ పొద్దు చక్కెర ఉప్పు ధరకు ఇస్తామని చెప్పింటారు. తాలూకాఫీసు అమ్మ ఒకామె వచ్చిందంట. తెల్ల చీర, కళ్లద్దాలు, తోలు సంచి. చంకన ఒక బిడ్డ కూడా, ఎవురికీ అనుమానం రాకుండా. కూర్చొని ఒకొకటీ రాసుకొని పోయింది. పోయిన నెల ధర కూడా అడిగిందంట, చూడు. ఆమె అంగడి దిగేలోపల వీధంతా తెలిసిపోయింది. ఆ పొద్దు నుంచి మా ఆయనకు అన్నం దిగలేదు."

బెల్లం పొట్లం మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాను. అది ఎమర్జెన్సీ కాలం. ధర ఎక్కువ తీసుకున్నారని, సరుకు దాచారని అంగళ్ల వాళ్లను పట్టుకుపోతున్న రోజులు. సర్కారు మనిషిలాగా వేషం వేసుకొని తిరిగిందని నన్ను పట్టుకుపోతే అడిగేవాళ్లెవరు? మా ఆయనకు వచ్చిన ఉద్యోగం ఆ క్షణమే పోయినట్లు అనిపించింది. చంకలో పాప నా చీర కొంగు పట్టుకొని బెల్లం బెల్లం అంటోంది.

ఇంతలో లోపలి నుంచి ఆయన వచ్చాడు. నన్ను చూశాడు. కళ్లద్దాలు, చంకన పాప. ఆయన ముఖం తెల్లబోయింది. పోయి అదే ముక్కాలి పీట తెచ్చి, తుండుగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"రండమ్మా. ఇది మా ఇంటామె. ధరలు తెలియవు ఆమెకు. తప్పుగా చెప్పింటాది."

ఆ క్షణంలో నాకు రెండు దారులు ఉన్నాయి. పీట మీద కూర్చుంటే బెల్లం ఒకటింపావుకే వస్తుంది. ఆ రోజే కాదు, ఆ వీధిలో ఎన్ని రోజులైనా వస్తుంది. కాదు అనడానికి నాకు కలిగింది ధైర్యం అని చెప్పుకోను. కూర్చోవడానికి ధైర్యం లేకపోయింది.

"నేను ఆఫీసు మనిషిని కాదప్పా" అన్నాను. "మాది కృష్ణగిరి. మా ఆయనకు ఈడ ఫ్యాక్టరీలో పని వచ్చింది. కాపురానికి వస్తే ఈడ ఎంత అవుతుందో చూసుకొనేదానికి రాసుకున్నాను."

ఆయన తుండుగుడ్డ పట్టుకొని నిలబడిపోయాడు. ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కాపురానికా?"

"అవునప్పా."

"పోయిన నెల ధర ఏమిటికి అడిగినావు మరి?"

"పెరుగుతా ఉండాదో తగ్గుతా ఉండాదో తెలియాల కదా."

ఆయన పీట మీద తనే కూర్చున్నాడు. తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. అప్పుడు అన్నాడు.

"మూడు మూటల చక్కెర మా బామ్మర్ది ఇంటికి మోయించినాను నీ దెబ్బకు. ఆయప్ప ఇంట్లో చీమలు పట్టి ఒక మూట పోయింది. కట్టెల డిపో ఆయన తిరుపతికి మొక్కుకున్నాడు, తెలుసా?"

"తెలియదప్పా. తప్పైపోయింది."

"తప్పంట." భార్య వైపు తిరిగి, "నవ్వద్దు. ఒక నెలకు ఈమె సరుకు అంతా కట్టినా ఆ చక్కెర మూట రాదు" అన్నాడు.

పుస్తకం తీశాను. అది చూడగానే ఆయన ఒక్క క్షణం వెనక్కి జరిగాడు, తర్వాత తనకే సిగ్గేసింది.

"నిజం ధరలు చెప్పప్పా. ఈ సాయంత్రం ఆరు లోపల మేము వచ్చేదీ లేనిదీ చెప్పాల. తప్పు లెక్కతో వస్తే ఈ బిడ్డకు గంజి ఉండదు."

ఆయన పాప వైపు చూశాడు. పాప చెయ్యి బెల్లం పొట్లం మీదే ఉంది.

"రాసుకో. ఈసారి గొంతు వణక్కుండా చెప్తాను. నూనె ఏడు పది. బెల్లం ఒకటి అరవై. బోర్డు చూడద్దు, నన్ను చూడు."

ఒక్కొక్కటి చెప్పాడు. పాత అంకెల మీద గీత కొట్టి పక్కన రాశాను. నలభై పైసలు ఇచ్చి బెల్లం తీసుకున్నాను. కట్టెల డిపోకు పోయే ధైర్యం లేదు, ఆ ధర కూడా ఆయననే అడిగాను. అక్కడే నిలబడి లెక్క కూడాను. సరుకులు 190, బాడుగ 40. మొత్తం 230. శిక్షణ జీతం 220. నెలకు పది రూపాయలు తక్కువ. ఆరు నెలలకు అరవై. చేతిలో ఉన్న 49లో బస్సు చార్జీలు మూడు రూపాయల అరవై పైసలు, బెల్లం నలభై పైసలు పోతే సరిగ్గా 45. పదిహేను రూపాయలు చాలవు.

మత్తిగిరికి పోయి ఇంటావిడతో, డబ్బు ఆదివారం మా ఆయన తెస్తాడని చెప్పాను. ఆమె ముఖం ముడుచుకుంది. "ఆదివారం చూస్తాను. సోమవారం చూడను" అంది.

మధ్యాహ్నం బస్సు తప్పిపోయి మూడింటికి గానీ ఇంకొకటి దొరకలేదు, అది కూడా శూలగిరి దాటాక పంక్చరైంది. ముప్పావుగంట. డ్రైవరు చక్రం మారుస్తుంటే రోడ్డు పక్కన పాపను పట్టుకొని నిలబడ్డాను. పోవద్దు అంటే ఏమవుతుంది అని లెక్క వేశాను. 210 జీతం. మళ్లీ కరెంటు కోత వస్తే నలభై రోజులు. పోదాం అంటే ఏమవుతుంది అని వేశాను. నెలకు పది తక్కువ, ఆరు నెలల తర్వాత 325, లేదా ఏమీ లేదు. రెండు పక్కలా గిన్నె అడుగే కనిపించింది.

వర్క్‌షాపు చేరేసరికి అయిదూ నలభై. మా ఆయన కిరసనాయిలుతో చేతుల మురికి కడుక్కుంటున్నాడు. నా ముఖం చూసి ఆగాడు.

"డబ్బు పోయిందా?"

"లేదు. లెక్క తప్పు."

అంతా చెప్పాను. తాలూకాఫీసు అమ్మ అనుకున్నారని చెప్పినప్పుడు ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపుకున్నాడు.

"ఇప్పుడు ఎంత చాలదు?"

"ఆరు నెలలకు పదిహేను. జ్వరం గానీ ఇంకేదైనా గానీ వస్తే అది నేను రాయలేదు."

"పదిహేనే కదా."

"నీకు పదిహేనే."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ. "చెప్పు మరి. లోపల ఆయన గడియారం చూస్తా ఉండాడు."

"పని నేర్చుకొనేదానికి నీకు భయం లేదా?" అని అడిగాను. అన్ని రోజుల్లో నేను అడగని ప్రశ్న అదే.

"ఉండాది" అన్నాడు. "ఆ మిషన్లు నేను బొమ్మలో కూడా చూడలేదు. నీకు చెప్తే నువ్వు లెక్కలో దాన్ని కూడా రాస్తావని చెప్పలేదు."

ఆయనకూ భయమేనని అప్పుడు తెలిసింది. దానివల్ల నా భయం తగ్గలేదు. కానీ దాన్ని ఒక్కదాన్నే మోయడం లేదని తెలిసింది.

"మా అమ్మను ఇంకొక గొర్రె అడుగుతాను" అన్నాను. "పోదాము."

అమ్మ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు, "లెక్క రాసే దానివి, ఆరు చాలని ఏ పుస్తకంలో చూసి చెప్పినావే?" అంది. ఆ గొర్రెకు కూడా 62 వచ్చింది. 45తో కలిపితే 107.

అడ్వాన్సు ఆ ఆదివారమే మా ఆయన పోయి కట్టి వచ్చాడు, చార్జీలు ఆగస్టు జీతంలో సరిపెట్టాము. ఆగస్టు 29, ఆదివారం మత్తిగిరికి మారాము. మొదటి నెల పది కాదు, పన్నెండు తక్కువైంది. కృష్ణగిరిలో ఇంటి యజమాని వాళ్ల తిరగలి ఉండేది, రాగులు నేనే విసురుకునేదాన్ని. ఇక్కడ మిల్లుకు పోవాలి. నెలకు రెండు రూపాయలు. ఆ సంగతి ముందే ఎవరినీ అడగాలని తోచలేదు. అంగట్లో ఆయన నన్ను చూసినప్పుడల్లా పక్కవాళ్లకు వినిపించేలా, "తాలూకాఫీసు అమ్మ వచ్చింది, బోర్డు తుడవండప్పా" అనేవాడు. ధర మాత్రం ఒక పైసా తగ్గించలేదు.

ప్రతి నెలా పన్నెండు. పదమూడు కానివ్వలేదు. పాప పాలు ఒక్క రోజు ఆపలేదు. నేను కాఫీ మానేశాను, ఆయన సైకిలు బాడుగకు తీసుకోక నడిచి పోయాడు. ఆరు నెలలు నిండాయి, కాగితం రాలేదు. అడిగితే చూద్దాం అన్నారు. ఏడో నెల కూడా రాలేదు. ఆ రెండు నెలల్లో మా ఆయన ఇంటికి వచ్చే అడుగుల చప్పుడు బట్టి ఈ రోజు ఏమన్నారో ఊహించడం నేర్చుకున్నాను.

పర్మనెంటు కాగితం 1977 ఏప్రిల్ 30, శనివారం వచ్చింది. ఎనిమిది నెలలు, నెలకు పన్నెండు, 96. ఆ రోజు ట్రంకు పెట్టెలో పదకొండు రూపాయలు ఉన్నాయి. ఇంకొక్క నెల ఆలస్యమైతే ఒక రూపాయి తక్కువ పడేది.